సర్వర్ పోయినా బిల్లింగ్ ఆగకుండా: రెండు మిషన్లతో ఓపెన్ సోర్స్ క్లస్టర్

సర్వర్‌లో ఎస్‌ఎంపీఎస్ (లోపలి పవర్ సప్లై) పోతే ఒడిశాలోని రాయగడలో అదే రోజు దొరుకుతుందన్న నమ్మకం లేదు. విశాఖ నుంచో బరంపురం నుంచో రావాలి. దారులు బాగుంటే మర్నాటికి వస్తుంది. 2017 జులైలో నాగావళి వరదకి తెరువలి, సింగపూర్ రోడ్ మధ్య రైల్వే వంతెన కొట్టుకుపోయింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి, రాయగడ జిల్లాల మీద పడింది. అలాంటప్పుడు పార్సిల్ ఎప్పుడొస్తుందో చెప్పేవాడే ఉండడు. హై అవైలబిలిటీ క్లస్టర్, అంటే ఒక సర్వర్ పోయినా ఇంకోటి పని అందుకునే ఏర్పాటు, పెద్ద నగరాల్లో బ్యాంకులకే అనుకుంటారు గానీ, మన వైపు మందుల హోల్‌సేల్ షాపులకి, స్కానింగ్ సెంటర్లకి దాని అవసరం ఇంకా ఎక్కువ.

ఉదాహరణకి రాయగడలో ఒక మందుల హోల్‌సేల్ షాపు, గుణుపురంలో దాని చిన్న బ్రాంచి అనుకుందాం. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వెనకాల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, అదంతా ఒకే లినక్స్ సర్వర్ మీద. దాని పక్కన రెండోది పెట్టి, మొదటిది పడిపోగానే రెండోది దానంతటదే పని అందుకునేలా చేయాలి. మిషన్లకి నాగావళి, వంశధార అని పేర్లు పెడదాం.

"ఒక్క నిమిషం కూడా ఆగకూడదు బాబూ" అంటారు షావుకారు. "రెండు నిమిషాలు ఆగుతాదండీ, పూటంతా మాత్రం ఆగదు" అని మొదటి రోజే చెప్పేయండి. లెక్క కూడా చూపించండి. ఏడాదిలో 99.9 శాతం నడవడమంటే మొత్తం 8 గంటల 46 నిమిషాలు ఆగొచ్చు. 99.99 శాతమంటే సుమారు 53 నిమిషాలే. రెండోదానికయ్యే ఖర్చు వింటే చాలామంది మొదటిదానితో సరిపెట్టుకుంటారు.

రెండో మిషన్ పని అందుకునేలా చేయడం పెద్ద కష్టం కాదు. మొదటిది నిజంగా చచ్చిందా, లేక వైరు ఊడి కనబడకుండా పోయిందా తేల్చుకోవడమే కష్టం. కింద చెప్పే ఏర్పాట్లలో సగం దాని కోసమే.

ముందు కరెంటు

రెండు సర్వర్లూ ఒకే యూపీఎస్ మీద ఉంటే క్లస్టర్ కట్టినా కట్టనట్టే. ఆ యూపీఎస్ బ్యాటరీ ఉబ్బిన రోజు రెండూ కలిసే పోతాయి. చెరో యూపీఎస్ కొనండి. త్రీ ఫేజ్ కనెక్షన్ ఉంటే ఎలక్ట్రీషియన్‌తో చెప్పి చెరో ఫేజ్ మీద వేయించండి. నెట్‌వర్క్ స్విచ్‌ని కూడా మర్చిపోవద్దు. సర్వర్లకి యూపీఎస్ పెట్టి, స్విచ్‌ని గోడ ప్లగ్గులో గుచ్చి వదిలేసిన షాపులు కోకొల్లలు.

యూపీఎస్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో సర్వర్‌కి కలిపి నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ వేసుకోండి. బ్యాటరీ అడుగంటగానే సర్వర్ పద్ధతిగా ఆగిపోతుంది. గోదాము వేరే బిల్డింగ్‌లో ఉంటే అక్కడికి రాగి కేబుల్ లాగకండి. వేసవి సాయంత్రం గాలివానలో పిడుగు పడితే ఆ తీగ వెంబడే వచ్చి స్విచ్ పోర్టుల్ని కాల్చేస్తుంది. ఫైబర్ వేసి రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు పెట్టండి.

మిషన్లు, వైర్లు

రెండు సర్వర్లూ ఒకే మోడల్ కానక్కర్లేదు. కానీ రెండింటిలో చిన్నదైనా మొత్తం పనిని ఒంటరిగా మోయగలగాలి. ఒక్కోదానికి రెండేసి నెట్‌వర్క్ పోర్టులు కావాలి. ఒకటి స్విచ్‌కి. రెండోది స్విచ్‌తో పని లేకుండా ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి నేరుగా వేసే కేబుల్‌కి. డిస్క్ కాపీ అంతా ఈ నేరు కేబుల్ మీదే నడుస్తుంది. రెండు మిషన్లూ ఒకదాని బాగోగులు ఒకటి తెలుసుకోవడానికి మాత్రం రెండు దారులూ వాడుకోవాలి.

పాత ఆఫీస్ సర్వర్లు సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే ఐపీఎంఐ ఉన్నవే చూడండి. సర్వర్ హ్యాంగ్ అయినా దూరం నుంచి పవర్ తీసేసే చిన్న కంప్యూటర్ లోపలే ఉంటుంది. రెండు కొత్త డెస్క్‌టాప్‌లకన్నా ఐపీఎంఐ ఉన్న రెండు పాత సర్వర్లే నయమని నా లెక్క.

మూడోదిగా ఒక చిన్న మిషన్, రాస్ప్‌బెర్రీ పై గానీ మూలనపడ్డ పాత పీసీ గానీ, పక్కన పెట్టుకోండి. దాని పని తర్వాత చెబుతాను.

ఆపరేటింగ్ సిస్టమ్

డెబియన్ తీసుకుంటే పేస్‌మేకర్ (సర్వీసుల్ని నడిపేది), కోరోసింక్ (మిషన్ల మధ్య కబుర్లు, ఓట్లు చూసేది), పీసీఎస్ (వీటిని కమాండ్లతో అమర్చేది), డీఆర్‌బీడీ (డిస్క్ కాపీ చేసేది) పనిముట్లు అన్నీ దాని సొంత రిపోజిటరీలోనే దొరుకుతాయి. ఆల్మా, రాకీ లినక్స్‌ల్లో హై అవైలబిలిటీ రిపోజిటరీని విడిగా ఆన్ చేయాలి. వాటి కెర్నెల్‌లో డీఆర్‌బీడీ ఉండదు కాబట్టి ఈఎల్‌రెపో లాంటి చోటు నుంచి మాడ్యూల్ తెచ్చుకోవాలి. ఒకరే చూసుకునే చిన్న సెటప్‌కి డెబియన్ తేలిక.

డెబియన్‌లో రెండు చోట్ల కాలు జారుతుంది. మొదటిది, ఇన్‌స్టాలర్ హోస్ట్స్ ఫైల్లో మిషన్ పేరుని 127.0.1.1కి కట్టేస్తుంది. అలాగే వదిలేస్తే నాగావళికి తన పేరు తన లోపలే దొరుకుతుంది, వంశధారకి ఎప్పటికీ కనబడదు. ఆ లైన్ తీసేసి రెండు ఫైళ్లలోనూ అసలు చిరునామాలు రాయండి: నాగావళి 192.168.10.11, వంశధార 192.168.10.12. బిల్లింగ్ కంప్యూటర్లు వెతికే తేలే చిరునామా (ఎప్పుడు ఏ మిషన్ పనిచేస్తుంటే దాని మీదికి మారేది) 192.168.10.10 అనుకుందాం, దాన్ని ఎక్కడా చేత్తో రాయకూడదు. రెండోది, కోరోసింక్ ప్యాకేజీ వేయగానే ఒక నమూనా క్లస్టర్ దానంతటదే మొదలైపోతుంది. మీ క్లస్టర్ కట్టే ముందు రెండు మిషన్ల మీదా పీసీఎస్ క్లస్టర్ డిస్ట్రాయ్ కమాండ్ నడిపి దాన్ని తుడిచేయండి.

రెండింటిలోనూ క్రోనీతో గడియారాలు కలపండి. లేకపోతే రేపు లాగ్ చదివేటప్పుడు ఏది ముందు జరిగిందో తేలదు.

కోరోసింక్, ఓట్ల లెక్క

రెండు మిషన్ల మీదా హెచ్‌ఏక్లస్టర్ అనే యూజర్‌కి ఒకే పాస్‌వర్డ్ పెట్టండి. ఫైర్‌వాల్‌లో పీసీఎస్‌కి టీసీపీ 2224, కోరోసింక్‌కి యూడీపీ 5404 నుంచి 5412 దాకా తెరవండి. తర్వాత ఒక మిషన్ నుంచే పీసీఎస్ హోస్ట్ ఆథ్, ఆ వెంటనే పీసీఎస్ క్లస్టర్ సెటప్. సెటప్‌లో ఒక్కో మిషన్‌కి రెండు చిరునామాలివ్వండి, నేరు కేబుల్‌ది ఒకటి, స్విచ్‌ది ఒకటి. టోకెన్ గడువు (ఎదుటి మిషన్ జవాబు కోసం చూసే సమయం) కొత్త కోరోసింక్‌లో 3000 మిల్లీసెకన్లు. దాన్ని తగ్గించాలన్న ఉబలాటం వద్దు. డిస్క్ కాస్త బరువెక్కితే చాలు, బతికున్న మిషన్‌ని చచ్చిందనుకుంటుంది.

క్లస్టర్‌లో ఒక్కో మిషన్‌కి ఒక్కో ఓటు, సగానికి మించి ఓట్లున్నవైపే పని సాగుతుంది. రెండే మిషన్లుంటే ఆ మెజారిటీ కుదరదు. అందుకే టూ నోడ్ అనే సెట్టింగ్ ఉంది, ఒకటే మిగిలినా పని సాగనిస్తుంది. దాంతోపాటే వెయిట్ ఫర్ ఆల్ కూడా ఆన్ అవుతుంది. అంటే రెండూ ఆగి మళ్లీ లేచినప్పుడు ఒకసారైనా ఒకదాన్నొకటి చూసుకునేదాకా ఏ సర్వీసూ మొదలుకాదు.

మూడో చిన్న మిషన్ మీద కోరోసింక్ క్యూనెట్‌డీ వేసి, రెండు సర్వర్ల నుంచి క్యూడివైస్‌గా కలిపితే అది తీర్పరి అవుతుంది. సర్వర్లు రెండూ విడిపోతే ఎఫ్‌ఎఫ్‌స్ప్లిట్ పద్ధతిలో ఒక్కదానికే ఓటేస్తుంది. టీసీపీ 5403 మీద మాట్లాడుతుంది కాబట్టి దూరంలో ఉన్నా నడుస్తుంది. గుణుపురం బ్రాంచిలో పెట్టాలని అనిపించడం సహజమే. నేనైతే పెట్టను. వానలో లైన్ పోయిన రోజునే ఒక సర్వర్ కూడా పోతే, మిగిలినదానికి మూడింట ఒక ఓటే ఉంటుంది, అది కూడా చేతులెత్తేస్తుంది. షాపులోనే, వేరే గదిలో, వేరే కరెంటు మీద ఉంచండి.

క్యూడివైస్ కలిపాక టూ నోడ్ పోతుంది, దాంతో వెయిట్ ఫర్ ఆల్ కూడా పోతుంది. దాన్ని మళ్లీ చేత్తో ఆన్ చేయమంటాను. కారణం మన కరెంటే. రాత్రి 9కి సరఫరా పోయిందనుకోండి. నాగావళి యూపీఎస్ ముందు అయిపోయింది, వంశధార పని అందుకుంది, ఇంకో అరగంట బిల్లులు దాని మీద పడ్డాయి, తర్వాత అదీ ఆగింది. తెల్లారి కరెంటొచ్చేసరికి వంశధార లేవలేదు, నాగావళి ఒక్కటే లేచింది. దాని దగ్గరున్నది అరగంట పాత లెక్క. తీర్పరి ఓటు తోడై అది పని మొదలుపెట్టేస్తే రాత్రి అమ్మిన మందులు స్టాకులో మళ్లీ కనబడతాయి. ఒక గంట చేతి బిల్లులు రాసుకోవడం దీనికన్నా మేలు. వెయిట్ ఫర్ ఆల్ ఉంటే నాగావళి ఆగి మనిషి కోసం చూస్తుంది. చివరగా పనిచేసింది ఏదో తెలియడానికి రెండు సర్వర్ల లాగ్‌లూ ఆర్‌సిస్‌లాగ్‌తో చిన్న మిషన్‌కి పంపుతూ ఉండండి. అక్కడ చూసి, రెండోది నిజంగా ఆఫ్‌లో ఉందని కళ్లతో చూసుకున్నాక, పీసీఎస్ కోరమ్ అన్‌బ్లాక్ కమాండ్‌తో ముందుకు సాగమని చెప్పొచ్చు.

ఫెన్సింగ్: దీన్ని దాటేయొద్దు

ఇంటర్నెట్‌లో దొరికే సగం సూచనలు స్టోనిత్ (ఫెన్సింగ్‌కి ఇంకో పేరు) ఎనేబుల్డ్‌ని ఫాల్స్ చేయమనే మొదలుపెడతాయి. ఆ లైన్ కనబడితే ఆ పేజీ మూసేయండి. నేరు కేబుల్, స్విచ్ దారి రెండూ తెగిన క్షణంలో రెండు మిషన్లూ ఎదుటిది పోయిందనే అనుకుంటాయి. రెండూ డేటాబేస్ తెరుస్తాయి. ఇద్దరు గుమస్తాలు వేర్వేరు గదుల్లో ఒకే తారీఖున రెండు చిట్టాలు రాసినట్టు, సాయంత్రానికి ఏది అసలు లెక్కో ఎవరూ చెప్పలేరు. ఫెన్సింగ్ అంటే ఎదుటి మిషన్ పవర్ తీసేసి, తీసేశానని రూఢి చేసుకున్నాకే పని అందుకోవడం.

ఐపీఎంఐ ఉన్న సర్వర్లకి ఫెన్స్ ఐపీఎంఐల్యాన్ ఏజెంట్ వాడండి. ఒక్కో మిషన్‌కి ఒక్కో స్టోనిత్ రిసోర్స్ (పేస్‌మేకర్ చూసుకునే ఒక్కో అంశాన్ని రిసోర్స్ అంటారు). ఐపీఎంఐ 2.0 అయితే ల్యాన్‌ప్లస్ ఆప్షన్ తప్పనిసరి. సిస్టమ్‌డీ లాగిన్‌డీ ఫైల్లో హ్యాండిల్ పవర్ కీని ఇగ్నోర్ చేయండి. లేకపోతే పవర్ తీయమన్న ఆజ్ఞని సర్వర్ షట్‌డౌన్ బటన్ నొక్కినట్టుగా తీసుకుని, డేటాబేస్ మెల్లగా మూస్తూ కూర్చుంటుంది.

ఐపీఎంఐకి ఒక లోపముంది. అది ఆ సర్వర్ పవర్ మీదే బతుకుతుంది. సర్వర్ ఎస్‌ఎంపీఎస్ కాలిపోతే అదీ జవాబివ్వదు. జవాబు లేకపోతే ఫెన్సింగ్ విఫలమైనట్టు లెక్క, రెండో మిషన్ పని అందుకోదు. స్మార్ట్ పీడీయూ (ఒక్కో ప్లగ్గుని దూరం నుంచి ఆపగల పవర్ స్ట్రిప్) కొనగలిగితే ఫెన్సింగ్ రెండో మెట్టుగా దాన్ని పెట్టండి. అప్పుడు బయాస్‌లో కరెంటు రాగానే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉండాలి. పీడీయూ లేకపోతే మనిషే దిక్కు. వెళ్లి ఆ సర్వర్ ప్లగ్గు పీకి, పీసీఎస్ స్టోనిత్ కన్ఫర్మ్ అని ఆ మిషన్ పేరు ఇవ్వాలి. ప్లగ్గు పీకకుండా ఆ కమాండ్ కొట్టడమంత ప్రమాదం ఇంకోటి లేదు.

మామూలు డెస్క్‌టాప్‌లే ఉంటే ఎస్‌బీడీ (వాచ్‌డాగ్‌తో ఫెన్సింగ్ చేసే ప్రోగ్రామ్) దారి ఉంది. చాలా ఇంటెల్ బోర్డుల్లో హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ (కబురు ఆగితే మిషన్‌ని రీసెట్ చేసే టైమర్) ఉంటుంది. ఓట్లు పోయిన మిషన్‌ని అదే రీసెట్ చేస్తుంది, ఎదుటిది కాసేపు ఆగి పని అందుకుంటుంది. దీనికి తీర్పరి మిషన్ ఉండి తీరాలి. ఎస్‌బీడీ వాచ్‌డాగ్ గడువు క్యూడివైస్ సింక్ గడువుకన్నా ఎక్కువ ఉండాలి. ఆ సింక్ గడువు డిఫాల్ట్‌గా 30 సెకన్లు కాబట్టి ఇది 35 పెట్టండి, పేస్‌మేకర్‌లో స్టోనిత్ వాచ్‌డాగ్ టైమౌట్‌కి దానికి రెట్టింపు, 70. పని మారడానికి నిమిషం దాటుతుంది, ఫర్వాలేదు. సాఫ్ట్‌డాగ్ అనే సాఫ్ట్‌వేర్ వాచ్‌డాగ్‌ని మాత్రం నమ్మొద్దు, కెర్నెల్ బిగుసుకుపోతే అదీ బిగుసుకుపోతుంది.

డీఆర్‌బీడీతో డిస్క్ కాపీ

డీఆర్‌బీడీ ఆస్ట్రియాకి చెందిన లిన్‌బిట్ నుంచి వచ్చింది, 2010లో 2.6.33తో లినక్స్ కెర్నెల్లో కలిసింది. ఒక మిషన్ డిస్క్ మీద రాసిన ప్రతి బ్లాకునీ ఇంకోదాని మీదా రాస్తుంది. రెండింటిలోనూ ఒకే సైజు ఎల్‌వీఎం వాల్యూమ్ (డిస్క్‌లో విడిగా తీసిన భాగం) తీయండి. ప్రోటోకాల్ సీ పెట్టండి, ఎదుటి డిస్క్ మీద కూడా పడ్డాకే రాత పూర్తయినట్టు లెక్క. డబ్బుల లెక్క ఉన్నచోట ప్రోటోకాల్ ఏ, బీల జోలికి పోవద్దు. పోర్టు 7789, చిరునామాలు నేరు కేబుల్‌వి. ఫెన్సింగ్ పాలసీ రిసోర్స్ అండ్ స్టోనిత్, హ్యాండ్లర్‌గా సీఆర్‌ఎమ్ ఫెన్స్ పీర్ స్క్రిప్ట్. ఇది పెడితే కాపీ వెనకబడ్డ మిషన్ ప్రైమరీ (డిస్క్ మీద రాసే మిషన్) కాకుండా క్లస్టర్ అడ్డుకుంటుంది.

రెండింటి మీదా మెటాడేటా సృష్టించి పైకి లేపాక, ఒక్క నాగావళినే బలవంతంగా ప్రైమరీ చేయండి. మొదటి కాపీ మొదలవుతుంది. గిగాబిట్ కేబుల్ మీద సెకనుకి సుమారు 110 మెగాబైట్లు పోతుంది, 500 జీబీకి గంటంబావు పడుతుంది. ఈలోగా టీ తాగి రండి. తర్వాత ప్రైమరీ మీదే ఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ వేయండి. ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో తెరవాల్సిన డిస్కుల జాబితా) మాత్రం రాయొద్దు, మౌంట్ చేసే పని పేస్‌మేకర్‌ది.

పేస్‌మేకర్‌కి పని అప్పగించడం

పోస్ట్‌గ్రెస్, బిల్లింగ్ సర్వీసులు బూట్‌లో దానంతటవే లేవకుండా సిస్టమ్‌డీలో డిసేబుల్ చేయండి. డీఆర్‌బీడీని ప్రమోటబుల్ క్లోన్‌గా, అంటే రెండు మిషన్ల మీదా నడుస్తూ ఒకటే ప్రైమరీ అయ్యేలా, ఇవ్వండి. మిగతావి ఒక గ్రూపు: ముందు ఫైల్‌సిస్టమ్, తర్వాత పోస్ట్‌గ్రెస్, బిల్లింగ్ సర్వీస్, చివర్న తేలే చిరునామా. ఆగేటప్పుడు ఇదే వెనకనుంచి నడుస్తుంది. చిరునామా చివర్న ఉంటే డేటాబేస్ సిద్ధమయ్యాకే కౌంటర్లు వచ్చి తలుపు తడతాయి. గ్రూపు ఎప్పుడూ డీఆర్‌బీడీ ప్రైమరీ ఉన్నచోటే, అది ప్రమోట్ అయ్యాకే మొదలవ్వాలని కొలొకేషన్, ఆర్డర్ రెండూ రాయండి. ఒకటి రాసి ఒకటి మర్చిపోతే రెండు నెలలు బాగానే నడిచి ఒక రోజు ఇరుక్కుంటుంది.

రిసోర్స్ స్టిక్కీనెస్ 200 పెట్టండి, బాగైన మిషన్ తిరిగొచ్చినప్పుడు పని ఊరికే వెనక్కి పరిగెత్తదు. మైగ్రేషన్ థ్రెషోల్డ్ (ఎన్నిసార్లు విఫలమైతే ఇంకో మిషన్‌కి మారాలో) 3, ఫెయిల్యూర్ టైమౌట్ (ఆ లెక్క చెరిపేసే గడువు) 10 నిమిషాలు చాలు. పోస్ట్‌గ్రెస్ ఆగడానికి 120 సెకన్ల గడువివ్వండి. ఏ సర్వీసైనా గడువులోగా ఆగకపోతే ఆ మిషన్ మొత్తాన్నీ ఫెన్స్ చేస్తుంది, నెలాఖరు రిపోర్టు తీస్తుండగా ఇది జరిగితే షావుకారుకి నచ్చదు.

చాలామంది చూడని సందు ఒకటుంది. నాగావళికి స్విచ్ కేబుల్ ఒక్కటే ఊడితే, నేరు కేబుల్ మీద రెండూ మాట్లాడుకుంటూనే ఉంటాయి కాబట్టి క్లస్టర్‌కి అంతా బాగున్నట్టే. కౌంటర్‌లో మాత్రం "సర్వర్ డౌన్". దీనికి పింగ్ రిసోర్స్‌ని క్లోన్‌గా పెట్టి, రౌటర్ చిరునామాకి పింగ్ అందని మిషన్ మీద గ్రూపు ఉండకూడదని లొకేషన్ రూల్ రాయండి.

పీకి చూడటం

ఆదివారం షాపు మూశాక కూర్చోండి. ముందుగా పీసీఎస్ స్టోనిత్ ఫెన్స్‌తో రెండో మిషన్‌ని ఆపి చూడండి. అది ఆగకపోతే మిగతా పరీక్షలు దండగ. తర్వాత పనిచేస్తున్న సర్వర్ పవర్ వైరు పీకండి. ఇంకోసారి స్విచ్ కేబుల్, మరోసారి నేరు కేబుల్. పోస్ట్‌గ్రెస్‌ని కిల్ మైనస్ 9తో చంపండి. సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్‌కి సీ అని రాసి కెర్నెల్‌ని కూల్చండి. నెట్‌వర్క్ తెగడం పరీక్షించడానికి ఇంటర్‌ఫేస్‌ని కమాండ్‌తో డౌన్ చేయొద్దు. కేబుల్ పీకండి, లేదా ఫైర్‌వాల్‌లో రానూపోనూ రెండు వైపులా అడ్డుకోండి. ప్రతిసారీ కౌంటర్ కంప్యూటర్‌లో ఒక డమ్మీ బిల్లు తెరిచి ఉంచి, ఎంతసేపటికి మళ్లీ సేవ్ అవుతుందో చూసి రాసుకోండి.

ఇంటర్నెట్ గేటుకి బీఎస్‌డీ

సర్వర్లు రెండున్నా రౌటర్ ఒక్కటే అయితే గుణుపురం బ్రాంచికి ఒరిగేదేమీ లేదు. ఇక్కడ పేస్‌మేకర్ అక్కర్లేదు. ఓపెన్‌బీఎస్‌డీ లేదా ఫ్రీబీఎస్‌డీ వేసిన రెండు చిన్న పెట్టెలు, వాటి మీద కార్ప్ (రెండు పెట్టెలు ఒకే చిరునామాని పంచుకునే పద్ధతి) చాలు. సిస్కో పేటెంట్ల గొడవ వల్ల అదే పని చేసే వీఆర్‌ఆర్‌పీని పక్కనపెట్టి ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు కార్ప్‌ని సొంతంగా రాసుకున్నారు, 2004లో 3.5 వెర్షన్‌తో విడుదల చేశారు. రెండు పెట్టెలకీ ఒకే వీహెచ్‌ఐడీ (గ్రూపు నంబర్), ఒకే పాస్‌వర్డ్ ఇచ్చి, రెండోదానికి అడ్వ్‌స్క్యూ (ఎక్కువ ఉంటే వెనక వరస) 100 పెట్టండి. మొదటిదాని కేక ఆగిన మూడు నాలుగు సెకన్లలో రెండోది లేస్తుంది. పీఎఫ్‌సింక్ కూడా వేస్తే నడుస్తున్న కనెక్షన్లు తెగవు. కమాండ్లంటే టెన్షన్ పడేవాళ్లకి ఆప్‌న్‌సెన్స్ అనే రెడీమేడ్ ఫైర్‌వాల్‌లో ఇదంతా మౌస్‌తో అయిపోతుంది. ఒకటే జాగ్రత్త: అదే తీగ మీద ఇంకెవరైనా వీఆర్‌ఆర్‌పీ అదే నంబర్‌తో నడుపుతుంటే మ్యాక్ అడ్రస్ ఒకటే వచ్చి రెండూ కొట్టుకుంటాయి. నంబర్ మార్చేయండి.

రోజువారీ

డీఆర్‌బీడీ బ్యాకప్ కాదు. పొరపాటున టేబుల్ డిలీట్ చేస్తే రెండో డిస్క్‌లో కూడా అదే క్షణంలో పోతుంది. రోజూ రాత్రి పీజీ డంప్ (డేటాబేస్ మొత్తం కాపీ) తీసి బయటికి పంపండి. ఎక్కడికన్నది ఆలోచించండి. తిత్లీ ఒక్కటే గజపతి జిల్లా పర్లాకిమిడినీ రాయగడనీ కలిపి తాకింది, కాబట్టి ఒక ఊరి బ్యాకప్ ఇంకో ఊళ్లో ఉండి లాభం లేదు. జయపురం వైపో, ఇంకా దూరంలో ఏదైనా క్లౌడ్‌లోనో పెట్టండి. నెలకోసారి ఆ డంప్‌ని చిన్న మిషన్ మీద తిరిగి ఎక్కించి చూడండి. అదే రాత్రి డీఆర్‌బీడీ వెరిఫై కూడా నడపండి.

అప్‌డేట్లకి ముందు పని లేని మిషన్‌ని స్టాండ్‌బైలో పెట్టి, అప్‌డేట్ చేసి, రీబూట్ చేసి, స్టాండ్‌బై తీసి, డీఆర్‌బీడీ రెండు వైపులా అప్‌టుడేట్ అనేదాకా ఆగండి. అప్పుడే రెండోదాని వంతు. సంత రోజు, దసరా ముందు వారం ఈ పని పెట్టుకోవద్దు.

చివరగా ర్యాక్ తలుపు లోపల ఒక కాగితం అంటించండి, తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. ఏ ప్లగ్గు ఏ మిషన్‌దో, పీకే ముందు ఎవరికి ఫోన్ చేయాలో, కన్ఫర్మ్, అన్‌బ్లాక్ కమాండ్లు ఏ పరిస్థితిలో కొట్టాలో, ఏ పరిస్థితిలో కొట్టకూడదో దాని మీద ఉండాలి. రెండు ప్లగ్గులకీ రెండు రంగుల టేపు చుట్టి, ఆ రంగుల పేర్లు కూడా రాయండి.